భాగాలకు పేరు పెట్టడం ఎలా?

మా పొలానికి సర్వే నంబరు ఒకటే. నాన్నది బై 1, బాబాయిది బై 2. ఒకసారి రికార్డులో ఆ బై నంబరు వేయడం మరిచారు. అది సరిచేయించడానికి నాన్న ఏడాది తిరిగాడు.

టీవీ కథలను డేటాబేసులో ఎక్కించేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. 1966లో అమెరికాలో ప్రసారమైన 'స్టార్ ట్రెక్'లో 'ది మెనాజరీ' రెండు భాగాల కథ. రెండింటికీ ఒకే పేరు రాస్తే వెతికేవారికి ఏది ముందో తెలియదు. కనుక పేరు ముందు, అంకె తరువాత: 'ది మెనాజరీ, 1వ భాగం', 'ది మెనాజరీ, 2వ భాగం'.

అయితే 1963లో బి.బి.సి. ప్రసారం చేసిన 'డాక్టర్ హూ' తొలి కథలో నాలుగు భాగాలకూ వేరువేరు పేర్లున్నాయి. రెండవది 'ది కేవ్ ఆఫ్ స్కల్స్'. అక్కడ అంకె వేసి అసలు పేరు కొట్టెయ్యరాదు. తెరమీద పడిన పేరే ప్రమాణం.

మిత్రులారా, అంకె చిన్నదే. తప్పితే మాత్రం ఏడాది తిరుగుడు!