పంటి నొప్పి – పరదేశాల సాయం – మన హాస్టలు



ఈ నెల గోడపత్రికలో ఆరోగ్య పాఠం రాసే వంతు నాకు వచ్చింది. పళ్ళ గురించి రాస్తానంటే మా గదిలో వాళ్ళు నవ్వారు. "రాయడానికి ఇంకేమీ దొరకలేదా?" అన్నారు. ఆ నవ్విన వాళ్ళలో ఇద్దరికి పిప్పి పళ్ళున్నాయి. వాళ్ళు నవ్వినప్పుడే నాకు కనబడ్డాయి! కాబట్టి ఈ పాఠం అవసరమేనని నిశ్చయించుకున్నాను.

పేద దేశాల పల్లెల్లో పళ్ళ జబ్బులు తగ్గించడానికి ఇతర దేశాలు ఎలా సాయం చేశాయి, అందులో ఏ సాయం నిలబడింది, దాని నుంచి మనం ఏం నేర్చుకోవచ్చు అన్నదే ఈ వ్యాసం. ముందు పన్ను సంగతి చూద్దాం.

1. పన్ను ఎందుకు పుచ్చుతుంది?

మన ఊళ్ళల్లో పన్ను నొప్పి వస్తే "పురుగు పట్టింది" అంటారు. లవంగం పెడతారు. నిజానికి పంటి లోపల పాకే పురుగేదీ లేదు. కంటికి కనబడని బాక్టీరియా ఉంటాయి. పళ్ళ మీద జిగటగా పాచి పేరుకుంటుంది కదా, అదే వాటి ఇల్లు. మనం తిన్న తీపినే అవి కూడా తిని ఆమ్లం తయారు చేస్తాయి. ఆ ఆమ్లం పంటి పైనున్న ఎనామిల్ అనే గట్టి పొరను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది.

తీపి తిన్న ప్రతిసారీ సుమారు అరగంట సేపు ఈ పని జరుగుతుంది. అందుచేత నాలుగు చాక్లెట్లు ఒకేసారి తిన్నవాడి కంటే, గంటకొకటి చొప్పున చప్పరించిన వాడికే ఎక్కువ నష్టం. నోట్లో ఊరే లాలాజలం ఆమ్లాన్ని కడిగేస్తుంది. కానీ నిద్రలో లాలాజలం తక్కువగా ఊరుతుంది. రాత్రి తిని అలాగే పడుకుంటే తెల్లవార్లూ బాక్టీరియాకు పండగే.

ఎనామిల్‌కు నొప్పి తెలియదు. దాని కింద డెంటిన్ అనే పొర, ఇంకా లోపల రక్తనాళాలు, నరాలు ఉన్న గుజ్జు ఉంటాయి. పుచ్చు గుజ్జు దాకా పోయినప్పుడు అసలైన నొప్పి మొదలవుతుంది. చీము పట్టి చెంప వాచిపోతుంది. అంటే, నొప్పి వచ్చేసరికే చాలా ఆలస్యమై ఉంటుందన్న మాట.

2. పల్లెవాళ్ళకే ఎందుకు ఎక్కువ కష్టం?

ప్రపంచంలో సుమారు 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. వాళ్ళలో ప్రతి నలుగురిలో ముగ్గురు మధ్య ఆదాయ దేశాల వాళ్ళే. మన దేశం కూడా ఆ కోవలోదే.

పళ్ళ డాక్టర్లు ఎక్కువగా పట్నాల్లో ఉంటారు. పల్లె మనిషి పట్నం పోవాలంటే బస్సు చార్జీలు కావాలి, ఆ రోజు కూలి పోతుంది. అందుకని నొప్పి తట్టుకోలేనంత అయ్యేదాకా ఆగుతాడు. అప్పటికి పన్ను పీకడం తప్ప వేరే దారి ఉండదు.

3. సాయాలు రెండు రకాలు

మొదటి రకం: బయటి దేశం నుంచి డాక్టర్లు వస్తారు. నాలుగు రోజులు క్యాంపు పెట్టి వందల పళ్ళు పీకి వెళ్ళిపోతారు. నొప్పితో ఉన్నవాడికి అది పెద్ద మేలే, కాదనను. కానీ మరుసటి ఏడాది ఇంకో పన్ను పుచ్చుతుంది. అప్పుడు ఎవరొస్తారు? ఇంకొన్ని చోట్లకు ఖరీదైన కుర్చీ, డ్రిల్లు మిషను పంపుతారు. వాటికి కరెంటు కావాలి, నీళ్ళు కావాలి, చెడిపోతే స్పేరు పార్టులు కావాలి. అవి లేకపోతే మిషను మీద దుమ్ము పేరుకుంటుంది.

రెండవ రకం: వచ్చినవాళ్ళు వెళ్ళిపోయినా అక్కడివాళ్ళే చేసుకోగలిగే పని ఒకటి నేర్పి వెళ్ళడం. దీనికి మూడు ఉదాహరణలు చెప్తాను.

4. టాంజానియా: డ్రిల్లు లేని వైద్యం

టాంజానియా తూర్పు ఆఫ్రికాలో ఉంది. అట్లాసులో చూడండి. 1980ల మధ్యలో అక్కడి దారుస్సలాం విశ్వవిద్యాలయంలో జో ఫ్రెంకెన్ అనే నెదర్లాండ్సు దంతవైద్యుడు పనిచేసేవారు. కరెంటు లేని పల్లెల్లో డ్రిల్లు తిరగదు. మరి పన్ను పీకకుండా నిలబెట్టేదెలా? ఆ ప్రశ్నకు జవాబుగా అక్కడ ఒక పద్ధతి పుట్టింది. దాని పేరు ఏ.ఆర్.టి.

అది ఇలా చేస్తారు. చిన్న చెంచా లాంటి చేతి పనిముట్టుతో పుచ్చిపోయి మెత్తబడిన భాగాన్ని గీకి తీసేస్తారు. ఆ గుంటను శుభ్రం చేస్తారు. గ్లాస్ అయొనోమర్ అనే సిమెంటు పొడిని ద్రవంతో కలిపి గుంటలో పెట్టి వేలితో నొక్కుతారు. అది పంటికి అతుక్కుని గట్టిపడుతుంది. పైగా ఫ్లోరైడును కొంచెం కొంచెంగా వదులుతూ పంటిని కాపాడుతుంది. డ్రిల్లు లేదు, కరెంటు లేదు, చాలాసార్లు ఇంజక్షను కూడా అక్కరలేదు. అయితే పుచ్చు గుజ్జు దాకా పోకముందే రావాలి. చీము పట్టిన పంటికి ఇది పనికిరాదు.

1991లో థాయ్‌లాండు పల్లెల్లో, తరువాత జింబాబ్వేలో దీన్ని పరీక్షించారు. 1994 ఏప్రిల్ 7న, ప్రపంచ ఆరోగ్య దినోత్సవం నాడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని ముందుకు తెచ్చింది. ఆ ఏడాది ఆ దినోత్సవ విషయం కూడా నోటి ఆరోగ్యమే. 2021లో ఈ సిమెంటును, ఫ్లోరైడు పేస్టును అత్యవసర మందుల జాబితాలో చేర్చారు.

5. నల్గొండ నుంచి టాంజానియాకు

ఫ్లోరైడు అనగానే మీలో కొందరికి నల్గొండ గుర్తుకు వచ్చి ఉంటుంది. "ఫ్లోరైడు వల్లే కదా పళ్ళు గారపట్టి, ఎముకలు వంగిపోయేది?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. తాగే నీళ్ళలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడు ఉండి, చిన్నప్పటి నుంచి ఏళ్ళ తరబడి తాగితే ఆ ప్రమాదం ఉంటుంది. పేస్టులోది మింగేది కాదు, పంటి పైన పూసి ఉమ్మేసేది. తేడా అక్కడుంది. అందుకే చిన్నపిల్లలు పేస్టు మింగకుండా చూడాలి.

ఇక్కడ మనం గర్వపడవలసిన సంగతి ఒకటి ఉంది. నీళ్ళలో ఎక్కువైన ఫ్లోరైడును తీయడానికి నాగపూరులోని నీరి అనే జాతీయ పరిశోధన సంస్థ 1970లలో ఒక పద్ధతి తయారు చేసింది. నీళ్ళలో పటిక, సున్నం వేసి కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైనున్న తేట నీళ్ళు తీసుకోవాలి. దాని పేరే నల్గొండ పద్ధతి. టాంజానియాలోని అరూష ప్రాంతంలో కూడా నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. అక్కడ 1990లలో డెన్మార్కు సహాయంతో, ఇంట్లో బకెట్లతోనే చేసుకునేలా ఈ పద్ధతిని పరీక్షించారు.

దీనికీ ఇబ్బందులున్నాయి. ప్రతిసారీ పటిక, సున్నం కొలిచి వేయాలి, మడ్డి తీసి పారబోయాలి. అయినా చూడండి, డబ్బు డెన్మార్కుది, పేరు మన నల్గొండది, నీళ్ళు తాగేది ఆఫ్రికా పిల్లలు. సాయం అంటే ఎప్పుడూ తెల్లవాళ్ళ దగ్గర నుంచే రావాలని లేదు.

6. ఫిలిప్పీన్సు: బడి వరండాలో పళ్ళు తోమడం

ఇది మనకు అన్నిటికంటే దగ్గర ఉదాహరణ. ఫిలిప్పీన్సులో 2006లో దేశమంతటా బడిపిల్లల పళ్ళు పరీక్షించారు. ఆరేళ్ళ పిల్లల్లో నూటికి 97 మందికి పుచ్చు పళ్ళున్నాయి! పిల్లలు బడి మానడానికి పంటి నొప్పి ఒక పెద్ద కారణమని తేలింది. అంతమందికి వైద్యం చేయాలంటే డాక్టర్లు ఎక్కడ దొరుకుతారు?

జర్మనీకి చెందిన బెల్లా మోన్సే అనే దంతవైద్యురాలు, అక్కడి విద్యాశాఖ వారు కలిసి వేరే దారి ఆలోచించారు. 2008 ప్రాంతంలో 'ఫిట్ ఫర్ స్కూల్' అనే కార్యక్రమం పెద్ద ఎత్తున సాగింది. అందులో ఉన్నవి మూడే పనులు:

ఒకటి, రోజూ సబ్బుతో చేతులు కడుక్కోవడం.
రెండు, రోజూ బడిలో అందరూ కలిసి ఫ్లోరైడు పేస్టుతో పళ్ళు తోముకోవడం.
మూడు, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర వేసుకోవడం.

ఈ మూడింటినీ చూసుకునేది డాక్టరు కాదు, బడి పంతులు. చిల్లులు పొడిచిన పొడవాటి గొట్టం కింద పిల్లలంతా వరుసగా నిలబడతారు. జర్మనీ శిక్షణ, ప్రణాళిక ఇచ్చింది. బ్రష్షులు, పేస్టు, సబ్బు కొన్నది అక్కడి స్థానిక ప్రభుత్వాలు. నీళ్ళ గొట్టాలు కట్టడంలో తల్లిదండ్రులు చేయి వేశారు. ఒక పిల్లవాడికి ఏడాదికి అయ్యే సామాను ఖర్చు ఒక డాలరు లోపే. 2011 నుంచి కంబోడియా, లావోస్, ఇండోనేషియాలకు కూడా ఈ పని పాకింది.

నులిపురుగుల మాత్ర మనకు కొత్త కాదు. 2016 నుంచి మన దేశమంతటా బడుల్లో ఇస్తున్నారు. చేతులు కడుక్కోమని మనకూ చెప్తూనే ఉన్నారు. ఇక మిగిలింది రెండో పనే.

7. మన హాస్టల్లో ఏం చేయాలి?

పాలపళ్ళ వెనక మొదటి శాశ్వత దవడ పన్ను ఆరేళ్ళ వయసులో వస్తుంది. అది పోతే మళ్ళీ రాదు. సరిగ్గా ఆ వయసు దాటీ దాటగానే మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఊరు వదిలి ఇక్కడికి వస్తున్నారు. "నోరు కడుక్కున్నావా?" అని అడిగే అమ్మ ఇక్కడ లేదు. అడగవలసింది పెద్ద తరగతుల వాళ్ళమైన మనమే. పంటి నొప్పితో రాత్రంతా ఏడ్చిన చిన్నవాడు పొద్దున లెక్కలేం చేస్తాడు? ఇంటికి పంపితే ఎన్ని రోజుల చదువు పోతుంది?

అందుకని నా మనవి ఇది.

అ) పొద్దున ఒకసారి, రాత్రి అన్నం తిన్నాక ఒకసారి పళ్ళు తోముకోవాలి. రెండింటిలో రాత్రిది మరీ ముఖ్యం.
ఆ) పేస్టు పెట్టె మీద ఫ్లోరైడు 1000 నుంచి 1500 పి.పి.ఎం. అని ఉందో లేదో చూడాలి. బఠాణీ గింజంత చాలు. బ్రష్షు నిండా పెడితే నురగే తప్ప లాభం లేదు.
ఇ) రెండు నిమిషాలు తోమాలి. తరువాత ఉమ్మేయాలి. నోటి నిండా నీళ్ళు పోసి పుక్కిలిస్తే ఫ్లోరైడంతా పోతుంది.
ఈ) ఒకరి బ్రష్షు ఇంకొకరు వాడకూడదు. పేరు రాసి నిలబెట్టి ఆరబెట్టుకోవాలి.
ఉ) బొగ్గు, ఇటుక పొడి పంటిని అరగదీస్తాయి, మానేయాలి. వేపపుల్ల బాగా నమిలి తోమితే పాచి పోతుంది, కానీ అందులో పేస్టులో ఉన్నంత ఫ్లోరైడు ఉండదు.
ఊ) సంత నుంచి తెచ్చుకున్న జీళ్ళు, చాక్లెట్లు రోజంతా చప్పరించకుండా అన్నంతో పాటే తినేయాలి.

వార్డెను గారికి ఒక్క విన్నపం. రాత్రి భోజనాల తరువాత ఇంకొక గంట కొట్టించండి సార్. పది నిమిషాలు చాలు. కొళాయిలు సరిపోవంటారేమో, ఖాళీ నీళ్ళ సీసా మూతకు చిల్లి పొడిస్తే అదే కొళాయి. పెద్ద తరగతి వాళ్ళు ఒక్కొక్కరు ఐదుగురు చిన్నవాళ్ళను చూసుకుంటాం. పేర్ల పట్టిక నేను రాసి ఉంచాను.

జర్మనీ వాళ్ళో, నెదర్లాండ్సు వాళ్ళో మన కొండకు రావాలని ఎదురుచూడనక్కరలేదు. వాళ్ళు అక్కడ నేర్పింది ఈ పాటి పనే, అది మనకు ఇప్పుడు తెలిసింది.

చెప్పుకోండి చూద్దాం!

1. ఏ.ఆర్.టి. పద్ధతికి కరెంటు ఎందుకు అక్కరలేదు?
2. ఒకేసారి తిన్న తీపి కంటే గంట గంటకూ తిన్న తీపి ఎందుకు ఎక్కువ చెరుపు?
3. నల్గొండ పద్ధతిలో నీళ్ళలో వేసే రెండు వస్తువులు ఏవి?
4. ఫిట్ ఫర్ స్కూల్‌లోని మూడు పనులు ఏవి? మన హాస్టల్లో వాటిలో ఎన్ని జరుగుతున్నాయి?

జవాబులు చీటీ మీద రాసి, పేరు, తరగతి వేసి శనివారం లోపల పత్రిక పెట్టెలో వేయండి.

ఇట్లు,
మీ పదవ తరగతి మిత్రుడు