పనిచేసే చేతుల పక్కన

సెలవుల్లో పిల్లలకు ఏం చూపించాలని అడిగే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. ఊళ్లు చూపించండి, గుళ్లు చూపించండి. ఆ దారిలోనే, తమ పనిని ప్రాణంగా చూసుకునే మనుషుల దగ్గర ఒక పూట కూర్చోబెట్టండి.

ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారి సంగతి 2019లో వచ్చిన సినిమాతో చాలా ఇళ్లకు చేరింది. కానీ ఆసు పోయడం కళ్లారా చూసిన పిల్లలు ఎంతమంది? పోచంపల్లి తరహా చీరకు రంగులు అద్దే ముందు, పోగును వరసగా కొట్టిన మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ పోయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు కదలాలి. ఆ పనితో తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి పెడుతుంటే చూడలేక, బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆ కొడుకు ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథ చెప్పేటప్పుడు పెద్దవాళ్లం పద్మశ్రీ దగ్గర ఆగుతాం. పిల్లలు అమ్మ భుజం దగ్గర ఆగుతారు. వాళ్లను అక్కడే ఆగనివ్వండి. "నీకు ఏ పని కష్టంగా ఉంటుందమ్మా?" అని ఆ రాత్రి అడిగితే, ఏం లేదులే అని దాటేయకుండా నిజం చెప్పండి.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. మేకతోలును వెలుగు అవతలికి కనిపించేంత పలచగా చేసి, బొమ్మ గీసి, నగలూ అంచులూ మెరిసేలా సన్నటి చిల్లులు పొడుస్తారు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో బొమ్మలు చేసేటప్పుడు అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే దానికి లక్క ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టేస్తుంది. పాఠంలో పది వాక్యాలు చదివినా అర్థం కానిది అక్కడ ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

అంత దూరం వెళ్లలేకపోతే మీ వీధిలోనే వెతకండి. గుడిలో సన్నాయి వాయించే తాతగారు, పాత విత్తనాలు దాచే రైతు, చుక్క తప్పకుండా పెద్ద ముగ్గు వేసే పిన్నిగారు. ముందుగా అడిగి, వాళ్లకు తీరికైన వేళ వెళ్లండి. ఫోను జేబులోనే ఉంచండి. మీరు కాకుండా పిల్లల్నే అడగనివ్వండి: ఎవరు నేర్పారు, మొదట్లో చేసింది ఎలా వచ్చింది, ఏది చేస్తుంటే సంతోషం అని. పావుగంటలో విసుగొచ్చినా కోప్పడవద్దు. ఏదైనా కొంటే బేరం ఆడవద్దు. మనం ఆ పనికి ఎంత విలువ ఇస్తున్నామో పిల్లలు మన మాటల్లో కన్నా అక్కడే చూస్తారు.

తిరిగొచ్చే దారిలో ఒక్క మాట మాత్రం అనకండి, "చదువుకోకపోతే నీ గతీ ఇంతే" అని. ఆ మాటతో అంతసేపూ పిల్లల మనసులో కలిగిన గౌరవం చెదిరిపోతుంది, ఆ మనిషికీ అన్యాయం జరుగుతుంది.

ఈ ఏడాది మీ పిల్లల బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు, ఇలాంటి ఒకరిని తరగతికి పిలవమని అడగండి. వచ్చినవారికి శాలువాతో పాటు రానుపోను ఖర్చులూ, ఆ పూట పోయిన కూలీ కూడా చేతిలో పెట్టండి.