పూర్వచరిత్ర యెఱుగని పాతకారును సంరక్షించు విధము

కడచిన సంవత్సరము వేసవిలో నేనొక పాతకారును కొంటిని. మా తల్లిగారికి మూత్రపిండముల వ్యాధి ముదిరి, వారమునకు రెండుమాఱులు డయాలిసిస్ చేయింపవలసి వచ్చెను. ఆ చికిత్స జరుగు ఆసుపత్రి మా యూరికి 38 కిలోమీటర్ల దూరమున నున్నది. చికిత్స ముగిసిన దినమున ఆమె బస్సులో నిలువజాలదు. క్రొత్త కారు కొనుటకు నా జీతము చాలదు. ఈ కారణములచేత, మీటరుపై 1,18,000 కిలోమీటర్లు చూపుచున్న చిన్న పెట్రోలు కారొకటి మా యింటి ముంగిటికి వచ్చెను. అమ్మినవాడు దానికి మూడవ యజమానుడు. సర్వీసు పుస్తకము లేదు, రసీదు ఒక్కటియైనను లేదు. "బండికి ఏ రోగమూ లేదు మాష్టారూ" అను మాట తప్ప దాని పూర్వచరిత్ర యేమియు నాకు దక్కలేదు.

విద్యార్థులారా, ఇది మన పాఠశాల పత్రికకు తగిన విషయమా యని మీలో కొందఱు సందేహింపవచ్చును. పాస్కలు సూత్రము, ద్రవముల మరుగుస్థానము, తుప్పు, కఠినజలము - మీరు తరగతిలో వేఱువేఱు పాఠములుగా చదువు ఈ సంగతులన్నియు కారు బానెట్టు క్రింద ఒక్కచోటనే యున్నవి. అదియుగాక, మీ యిండ్లలో పెక్కింటికి మొదట వచ్చు కారు పాతకారే యగును.

సంవత్సరము నడుమ టీ.సీ. లేకుండ ఒక బాలుడు మన పాఠశాలకు వచ్చినయెడల మేమేమి చేయుదుము? "నీకు భిన్నములు వచ్చునా?" యని యడిగి, "వచ్చును" అనిన నమ్మి ఊరకుండము, పలక యిచ్చి లెక్క చేయింతుము. పాతకారు విషయమునను అంతే. జరిగినట్లు ఋజువు లేని పనిని జరుగలేదనియే యెంచవలెను. బ్రేకు ద్రవము ఎప్పుడు మార్చిరో తెలియదా? ఎన్నడును మార్చలేదని తలంపుము. ఇట్లు తలంచుటవలన కొంత ధనము వృథాగా వ్యయమగునేమో గాని, అంతకంటె పెద్ద నష్టము తప్పును.

అయినను కారు తన్ను గూర్చి కొంత సాక్ష్యము తానే చెప్పును. మీటరును వెనుకకు త్రిప్పు మోసగాండ్రు కలరు గాని, పెడళ్లమీది రబ్బరు అరుగుదలను దాచుట అంత సులభము కాదు. 40,000 కిలోమీటర్లే తిరిగినదని చెప్పబడు కారులో క్లచ్చి పెడలు నున్నబడి, స్టీరింగు చక్రము మెఱయుచు, డ్రైవరు సీటు అంచు నలిగియున్నచో ఆ యంకెను నమ్మరాదు. నీటమునిగిన బండ్ల సంగతి మఱియు జాగ్రత్తగా చూడవలెను. 2020 అక్టోబరులో హైదరాబాదునందును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడయందును ఎన్నో కార్లు మునిగినవి. అట్టివి కడుగబడి చేతులు మాఱుట వింతకాదు. సీటుబెల్టును కడవఱకు లాగి చూడుడు. బయటికి కనబడు భాగమును సబ్బుతో కడుగుదురు గాని, చుట్టలో లోపలనున్న కొసపై బురదచారను మఱచిపోవుదురు. సీట్లక్రింది బోల్టుల తుప్పును, చాపలక్రింది ముక్కవాసనను అట్లే పరీక్షింపవలెను. కాగితముల విషయము ఒక్కమాటలో ముగింతును: చాసిస్ సంఖ్యను రిజిస్ట్రేషను పత్రముతో అక్షరమక్షరము సరిచూచుకొనుడు; సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును, పిమ్మట అయిదేసి ఏండ్లకు పునరుద్ధరింపవలెను.

ఇక నేను చేసిన తప్పును చెప్పెదను. కారు కొన్న మఱునాడు ఇంజిను ఆయిలు మార్పించితిని, సీట్లకు క్రొత్త తొడుగులు వేయించితిని, అద్దములు తుడిపించితిని. బ్రేకులు పడుచున్నవి గదా యని వానిని ముట్టలేదు. రెండవ వారమున మా మేనల్లుని వెంటబెట్టుకొని శ్రీశైలము ఆనకట్టను చూడబోయితిని. తిరుగు ప్రయాణములో దోర్నాలవైపు ఘాటురోడ్డు దిగుచు, మలుపు మలుపునకు బ్రేకు త్రొక్కుచు వచ్చితిని. ఒక మలుపునొద్ద నా పాదము క్రింది పెడలు దూదివలె మెత్తనయ్యెను. రెండవమాఱు త్రొక్కగా నేలకు తగిలినంత పని చేసెను గాని బండి వేగము తగ్గలేదు. "మామయ్యా, బ్రేకు పడలేదా?" యని ఆ బాలుడడిగిన ప్రశ్నకు బదులు చెప్పుటకు నాకు నోరు రాలేదు. రెండవ గేరునకు దించి, చేతిబ్రేకును మెల్లమెల్లగా లాగి, కొండవైపు అంచున ఎట్లో నిలిపితిని. అరగంట గడచిన తరువాత త్రొక్కిచూడగా పెడలు యథాప్రకారము గట్టిగా నుండెను. ద్రవము కారిపోయిన బ్రేకు చల్లారినంత మాత్రమున బాగుపడదు. కావున లోపల ద్రవము మరిగినదని అప్పుడు గ్రహించితిని. వెనుకసీటు ఆ దినము ఖాళీగా నుండెను. మూడవనాడు అందులో మా తల్లిగారు కూర్చుండవలసియుండెను.

జరిగినదేమనగా: పెడలును త్రొక్కినపుడు మన పాదబలము గొట్టములలోని ద్రవముద్వారా నాలుగు చక్రములకు చేరును. ద్రవములు ఇంచుమించు నొక్కబడవు. పాస్కలు సూత్రము పనిచేయుట అందువలననే. వాయువులు నొక్కబడును. గొట్టములలో ఆవిరి బుడగలు పుట్టినచో మన బలమంతయు ఆ బుడగలను నొక్కుటకే ఖర్చగును, చక్రమునకు చేరదు. మామూలు బ్రేకు ద్రవమునకు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలదు. డాట్ 3 అను రకము క్రొత్తగా నున్నపుడు తక్కువపక్షము 205 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు మరుగదు, నూటికి 3.7 పాళ్లు నీరు చేరెనా, ఆ హద్దు 140కి పడిపోవును. డాట్ 4 రకమునకు ఆ యంకెలు 230, 155. ఘాటురోడ్డున ఎడతెగక త్రొక్కిన బ్రేకులు పుట్టించు వేడికి 140 డిగ్రీలు ఎంతమాత్రము? చదునైన దారిలో ఈ లోపము ఏండ్ల తరబడి బయటపడదు. అందువలననే అది అపాయకరము.

పాతద్రవమును తీయించినపుడు అది కషాయమువలె నల్లగా వచ్చెను. క్రొత్తది లేత తేనెరంగున నుండును. రెండేండ్లకొకమాఱు మార్చుట మంచిపద్ధతి. మూతపైన ఏ రకము వ్రాసియున్నదో ఆ రకమునే, మూత తెఱువని సీసానుండి పోయింపవలెను. సగము వాడి అలమారలో దాచిన సీసా అప్పటికే తేమను త్రాగియుండును. ఇంజిను ఆయిలుగాని మఱి యే ఖనిజతైలముగాని అందులో చుక్కయైనను పడరాదు. పడినచో లోపలి రబ్బరు సీళ్లన్నియు ఉబ్బి చెడును. ఆ పనితోబాటే ప్యాడ్ల మందమును, వెనుకచక్రముల షూలను, రబ్బరు గొట్టముల పగుళ్లను, చేతిబ్రేకు తీగను చూపింపవలెను. ఏ గేరులో కొండ నెక్కుదుమో ఆ గేరులోనే దిగవలెనను పాతకాలపు డ్రైవర్ల మాటను నేను అప్పటికే వినియుంటిని. పాటింపలేదు.

బ్రేకుల పిమ్మట టైర్లు. నా కారు టైర్ల గాడులు లోతుగానే యుండెను. అయినను టైరు ప్రక్కగోడమీద నాలుగంకెల గుర్తొకటి యుండును. మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును దెలుపును. 2314 అనగా 2014వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. నా టైర్లలో రెండింటిపై ఆ యంకెయే యుండెను! ఎండకు రబ్బరు గట్టిపడి గాడుల నడుమ సన్నని పగుళ్లు వచ్చినవి. లోతు చూచి మోసపోవలదు. అరుగుదల హద్దును దెలుపు చిన్నగట్లు గాడులలోనే 1.6 మిల్లీమీటర్ల యెత్తున నుండును. రబ్బరు వానితో సమమైనపుడు టైరు ఆయువు తీరినది. స్టెపినీ టైరును అందఱును మఱతురు, నేనును మఱచితిని.

ప్రాణమును కాపాడు భాగముల తరువాతనే ఇంజినును కాపాడు భాగముల పాలు. వీనిలో మొదటిది టైమింగ్ బెల్టు. క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి వాల్వులను నడుపు కామ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగవలెను. నిమిషమునకు 3,000 చుట్ల వేగమున ప్రతివాల్వును సెకండునకు 25 మాఱులు తెఱచుకొని మూసికొనును. ఈ లెక్క తప్పకుండ రెంటిని జతపఱచునది పండ్లుగల రబ్బరు బెల్టు. కొన్ని యింజిన్లలో పిస్టనును వాల్వును ఒకే చోటికి వంతులవారిగా వచ్చిపోవుచుండును. అట్టివానిలో బెల్టు తెగిన క్షణముననే రెండును ఢీకొని వాల్వులు వంగును. బెల్టు తెగుటకు ముందు తఱచు ఏ చప్పుడును చేయదు. తయారుచేసినవారి పుస్తకములు సాధారణముగా 60,000 మొదలు 1,00,000 కిలోమీటర్ల లోపల దానిని మార్చుమని చెప్పును. తిరుగకున్నను ఏండ్ల లెక్క వేఱుగా కలదు. చరిత్ర లేని కారునకు ఈ లెక్కలేవియు పనికిరావు, వెంటనే మార్చుటే మేలు. బెల్టును బిగించి పట్టు టెన్షనరును, ఆ బెల్టే నీటిపంపును త్రిప్పు కార్లలో ఆ పంపును కూడ అప్పుడే మార్చినచో కూలి రెండుమాఱులు తగులదు. కొన్ని కార్లకు బెల్టునకు బదులు గొలుసుండును. మీది యేదో ముందుగా కనుగొనుడు.

రెండవది చల్లబఱచు నీరు. మన మెట్టసీమల బోరునీరు ఎంత కఠినమో మీ యింటి కాగులలోని తెల్లని పెచ్చును చూచిన తెలియును. అదే సున్నపుపెచ్చు రేడియేటరు సన్నని నాళములలోను పేరుకొనును. నా కారు మూత తీయగా ఇటుకరంగు బురదనీరు కనబడెను: వెనుకటివారు కూలెంటు కొనక బోరునీరే పోయుచు వచ్చిరి. దానిని మెల్లగా కడిగించి, తుప్పును నివారించు కూలెంటును శుద్ధజలముతో కలిపి పోయించితిని. రేడియేటరు మూత ప్రెషరు కుక్కరు మూతవంటిది. చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు 0.9 కిలోగ్రాముల అదనపు ఒత్తిడిని పట్టియుంచుటచేత లోపలినీరు సుమారు 118 డిగ్రీల వఱకు మరుగదు. వేడిగా నున్నపుడు మూత తీసినచో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, మరుగునీరు ముఖముపైకి చిమ్మును. చల్లారువఱకు దానిపై చేయి వేయకుడు. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా నుండు విషము. పాత్రలో పట్టిన పాతద్రవమును పిల్లలకును కుక్కలకును అందని చోట నుంచవలెను.

ఇంజిను ఆయిలు నల్లబడినంత మాత్రమున చెడినదని తలంపరాదు; మసిని తనలో నిలుపుకొనుట దాని పనులలో నొకటి. కాని, ఆయిలు మజ్జిగవలె తెల్లబడినచో లోపల నీరు కలియుచున్నదేమో యని వెంటనే చూపింపవలెను. పేరుకొన్న మడ్డిని ఒక్కదినములో కరగించు ఫ్లష్ ద్రవమును వాడుమని ఒక మేస్త్రీ నాకు సలహా యిచ్చెను. నేను ఒప్పుకొనలేదు. ఏండ్ల తరబడి అంటియున్న మడ్డి గడ్డలుగా ఊడి ఆయిలు దారులను మూయవచ్చునని నా భయము. దానికి బదులు పుస్తకములో చెప్పిన రకము ఆయిలు పోయించి, 1,500 కిలోమీటర్లకే మఱల మార్పించితిని. పాత ఇంజిను కొంత ఆయిలును కాల్చును. అందుచేత ప్రతి శనివారము ఉదయము, ఇంజిను చల్లగా నున్నపుడు, చదునైన నేలపై పుల్ల తీసి మట్టము చూచుచున్నాను. గాలి ఫిల్టరు, పెట్రోలు ఫిల్టరు, ప్లగ్గులు చౌకవి; మార్చిన సరి. బ్యాటరీ విశ్రాంతిగా నున్నపుడు 12.6 వోల్టులు చూపినచో నిండుగా నున్నట్లు.

ఈ పనులన్నిటికి కారు ధరలో దాదాపు అయిదవవంతు వ్యయమైనది. ఒక్కమాఱుగా కాదు: మొదటి నెలలో బ్రేకులు, టైర్లు, రెండవ నెలలో బెల్టు, నీరు, తక్కినవి మెల్లగా. నలిగిన తలుపును, వెలసిన రంగును అట్లే వదలితిని. పాతకారు కొనువారు ధరతోబాటు ఈ యయిదవవంతును ముందే ప్రక్కన నుంచుకొనవలెనని నా యభిప్రాయము. ఉన్నదంతయు ధరక్రిందనే యిచ్చివేసినవాడు మొదట వాయిదా వేయునది బ్రేకులనే.

కారునకు పూర్వచరిత్ర లేకపోయినను, ఇకమీదటి చరిత్ర నా చేతిలో నున్నది. రెండు రూళ్ల పుస్తకమొకటి డాష్ బోర్డు అఱలో నుంచితిని. తేది, మీటరు అంకె, చేసిన పని, వాడిన సరకు పేరు, వ్యయము - ఇంతే వ్రాయుదును. పెట్రోలు పోయించిన ప్రతిమాఱును కూడ వ్రాయుదును. లీటరునకు వచ్చు దూరము ఉన్నట్టుండి తగ్గినచో ఏదో పట్టుకొనుచున్నదని ఆ పుట చెప్పును. మొన్నటి వ్రాత యిట్లున్నది: "మీటరు 1,31,420. ఆసుపత్రి ప్రయాణము. ఆయిలు మట్టము సరి. ముందు ఎడమచక్రమునుండి సన్నని ఊళ. వేగముతో పెరుగుచున్నది, కుడివైపు మలుపులో హెచ్చు. బేరింగు కావచ్చును. మంగళవారపు ప్రయాణమునకు ముందే శనివారము చూపింపవలెను."