ఠాణాకూ ఆసుపత్రికీ నడుమ మన ఊరు

తప్పతాగి ఇంట్లో గోల చేస్తున్న మనిషిని ఎవరికి అప్పగించాలి? పోలీసులకా, డాక్టరుకా? మన పట్టపుపాలేల్లో, మెట్ట పల్లెల్లో ఈ ప్రశ్న ఏదో ఒక ఇంట్లో రాని వారం ఉండదు. ఇరుగుపొరుగు ఠాణాకు కబురు చేస్తే అతను నాలుగు దెబ్బలు తిని తెల్లారి ఇంటికొస్తాడు. ఆ కోపమంతా భార్య మీద తీరుతుంది. లేదంటే పరువు కోసం ఇంటివాళ్ళు తలుపు వేసుకుని ఊరుకుంటారు. ఈ రెండూ కాని దారి ఒకటి ఉందా? దానికి ప్రభుత్వ ధనం దొరుకుతుందా? ఈ వారం ఆ సంగతి తెలుసుకుందాం.

అసలు ఆ దారి మన జిల్లాకు కొత్తది కాదు. జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో ఏర్పడింది. సంపూర్ణ అక్షరాస్యతకు అయ్యే ఖర్చులో రెండు పాళ్ళు కేంద్రం, ఒక పాలు రాష్ట్రం భరించేవి. ఆ డబ్బు కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా సమితికి చేరేది. చదువు చెప్పింది మాత్రం జీతం తీసుకోని ఊరి పిల్లలే. నెల్లూరు జిల్లాలో ‘అక్షరదీపం’ రాత్రి బడులు అలా వెలిశాయి. వాచకంలో సారా వల్ల చితికిన సంసారం కథ ఒకటి ఉండేది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు ఆ కథలో తమ ఇళ్ళనే చూసుకున్నారు. వర్ధినేని రోశమ్మ ముందు నడవగా ఊళ్ళో సారా కొట్టు మూయించారు. 1992లో ఆ నిప్పు జిల్లా అంతా పాకింది. సారా వేలం పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. రోశమ్మ 2016లో కన్నుమూశారు.

పలకా బలపానికని ఇచ్చిన డబ్బు ఇళ్ళలో శాంతికి పనికొచ్చిందని గమనించారా? సర్కారు ధనమూ ఊరి శ్రమా కలిస్తే ఏం జరుగుతుందో మనవాళ్ళు దేశానికి చూపించారు. అయితే నా ఉద్దేశంలో ఆ పోరాటంలో చోటు దొరకని సంగతి ఒకటుంది. కొట్టు మూతపడింది గానీ, కొట్టుకు వెళ్ళే మనిషికి వైద్యం అందలేదు. తాగుడు దురలవాటే కాదు, జబ్బు కూడా.

ఈ మాట కొంచెం వివరంగా చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. కొందరికి మొదటి రెండు రోజుల్లోనే మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనబడి, వినబడి, మతి తప్పవచ్చు. ఇది ప్రాణం మీదికి వచ్చే స్థితి. దయ్యం పట్టిందని కట్టేసేవాళ్ళు, మొక్కుబడికని పుణ్యక్షేత్రానికి మోసుకుపోయేవాళ్ళు మనలోనూ ఉన్నారు. తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టులో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన రోగులు 28 మంది చనిపోయారు. ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి; కానీ ఆసుపత్రికి వెళ్ళే దారిలో చేయండి.

చట్టం కూడా ఇదే చెబుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మతి తప్పి తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకోవాలి, 24 గంటలు దాటకుండా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. లాకప్పులో పెట్టకూడదు. గొలుసులు వేయడం నేరం. ఈ మాట స్టేషనులో మర్యాదగా, భయం లేకుండా చెప్పవచ్చు.

ఇక డబ్బు సంగతి. బళ్ళారి జిల్లాలో బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు 1980లలో చేసిన ప్రయోగం ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. తాగుడు, మత్తు మాన్పించే కేంద్రాలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటు ఇస్తుంది. 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో ప్రారంభమైన నషా ముక్త్ భారత్ అభియాన్‌లో జిల్లా కమిటీకి కలెక్టరే అధ్యక్షుడు. పాత సాక్షరతా సమితి గుర్తుకొస్తోంది కదూ! దెబ్బలు తిన్న స్త్రీ కోసం నిర్భయ నిధి నుంచి వన్ స్టాప్ సెంటర్లు వచ్చాయి. గాయానికి మందు, పోలీసు సాయం, న్యాయ సలహా, మానసిక ధైర్యం, తలదాచుకునే చోటు అన్నీ ఒక్క కప్పు కింద. దానికి 181. మనసు బాగాలేనివారికి 14416, మత్తు మానాలనుకునేవారికి 14446. గంజాయి అమ్మేవాళ్ళ సంగతి చెప్పడానికి మన రాష్ట్రంలో ఈగల్ విభాగం నంబరు 1972.

లూకా సువార్తలోని సమరీయుడు గాయాలు కట్టి ఊరుకోలేదు, సత్రం వాడి చేతిలో డబ్బు కూడా పెట్టాడు. ఆ సంగతి మనం ప్రసంగాల్లో త్వరగా దాటేస్తుంటాం.

మన విచారణ స్త్రీమండలికి గ్రాంటు రాదు. రిజిస్టరైన సంస్థ, ఆడిట్ లెక్కలు కావాలి. ఆ పని అనుభవం ఉన్నవారికి వదిలేయండి. మనం చేయగలిగింది వేరే ఉంది. చికిత్స నుంచి ఇంటికొచ్చిన మనిషిని పెళ్ళిలో, తిరునాళ్ళలో ఒక్క గుక్క తాగమని బలవంతపెట్టే బంధువును ఆపడం మన చేతిలోనిదే. గ్రామసభలో లేచి డీ-అడిక్షన్ కేంద్రం ఎక్కడుంది, మంచాలెన్ని, నిధులు ఎంత వచ్చాయి అని అడగడమూ మన పనే.

తీరపు కుటుంబాలకు ఒక మాట. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. 2025లో ఈ కాలానికి భృతిగా కుటుంబానికి 20 వేల రూపాయలు ఇచ్చారు. పని లేక, చేతిలో డబ్బు ఆడే ఆ రోజుల్లో తాగుడు ఎలా ముదురుతుందో తల్లులకు ఒకరు చెప్పనక్కరలేదు. కానీ పడవ ఒడ్డునే ఉంటుంది, ఆసుపత్రిలో రెండు మూడు వారాలు ఉన్నా వేట పోదు. మీ ఇంట్లో అటువంటి మనిషి ఉంటే మార్చి నెలలోనే 14446కు ఫోన్ చేసి, ఏప్రిల్ రెండో పక్షానికి మంచం దొరుకుతుందేమో కనుక్కోండి.