ముదిగొండ ఎండకు ఎయిర్‌బస్ లేవాలంటే రన్‌వే ఎంత? లెక్క వేయడం ఇలా

ఖమ్మం వైపు ఎయిర్‌పోర్టు ఊసెత్తగానే ‘రెండు కిలోమీటర్ల రన్‌వే చాలదా?’ అంటారు. ముదిగొండ నుంచి విమానం ఎక్కాలంటే ఇప్పటికీ గన్నవరమో శంషాబాదో పోవాల్సిందే కాబట్టి ఆ ఆశ సహజమే. చాలుతుందో లేదో మీరే తేల్చుకోవచ్చు. కాగితం, కాల్క్యులేటర్ ఉంటే చాలు.

ముందు విమానాన్ని ఎంచుకోండి. సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల వేడిలో, గాలి లేనప్పుడు పూర్తి బరువుతో లేవడానికి ఎయిర్‌బస్ ఏ320కి సుమారు 2,100 మీటర్లు, ఏటీఆర్ 72కి సుమారు 1,300 మీటర్లు కావాలి. ఇది చక్రాలు నేల వదిలే దూరం కాదు. పరుగు మధ్యలో ఒక ఇంజన్ ఆగిపోయినా గట్టెక్కాలి. వీ1 అనే వేగం లోపైతే బ్రేకు వేసి రన్‌వే మీదే ఆగాలి. అది దాటితే మిగిలిన ఇంజన్‌తోనే లేచి, చివరికి చేరేసరికి 35 అడుగుల ఎత్తులో ఉండాలి. అందుకే ‘వీ1’ అన్న మాట వినగానే కెప్టెన్ థ్రాటిల్ మీంచి చెయ్యి తీసేస్తాడు. ఇక ఆగే ఆలోచన ఉండదు.

తర్వాత ఎత్తు. ప్రతి 300 మీటర్లకు 7 శాతం కలపాలి. మన దగ్గర ఎత్తు సుమారు 100 మీటర్లు కాబట్టి ఏ320 లెక్క 2,149కి చేరుతుంది.

అసలు దెబ్బ ఎండది. వేడి గాలి పలచబడి రెక్కకు పట్టు, ఇంజన్‌కు బలం తగ్గుతాయి. ఆ ఎత్తులో ఉండాల్సిన 14 డిగ్రీల మీద ఒక్కో డిగ్రీకి 1 శాతం కలపండి. టీవీలో చెప్పే రికార్డు ఎండ వద్దు, మే నెల పగటి గరిష్ఠాల సగటు తీసుకోండి. 41 అనుకుంటే 27 శాతం కలిసి 2,729 మీటర్లవుతుంది. ఎండ ఒక్కటే 580 మీటర్లు మింగేసింది! రన్‌వే వాలుగా ఉంటే ఒక్కో శాతం వాలుకు ఇంకో 10 శాతం.

ఇది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) వాళ్ల ప్రాథమిక అంచనా పద్ధతి. ఎయిర్‌లైన్లు మాత్రం తయారీదారు పట్టికలే చూస్తాయి.

ఇదే లెక్కలో ఏటీఆర్‌కు 1,689 వస్తుంది. రాజమండ్రి పాత రన్‌వే 1,749 మీటర్లు. అక్కడ ఏళ్ల తరబడి ఏటీఆర్ లాంటి ఫ్యాన్ల విమానాలే ఎందుకు తిరిగాయో అర్థమైందిగా? ఇప్పుడది 3,165.

దిగడానికి లెక్క వేరు. ఆగడానికి 1,200 మీటర్లు పట్టే విమానానికి 2,000 మీటర్ల రన్‌వే ఉండాలి, తడిగా ఉంటే 2,300. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో వాన, వెనకగాలి మధ్య విమానం 2,700 మీటర్ల రన్‌వేలో సగం దాటాక నేల తాకింది. 21 మంది పోయారు.

పొడవు చాలకపోతే విమానం రాదనుకోకండి. గన్నవరం రన్‌వే 3,360కి పెరగకముందు, 2,286 మీటర్లున్నప్పుడూ ఏ320లు వచ్చాయి. హైదరాబాద్ దాకా పోయేదానికి ట్యాంకు నిండా ఇంధనం ఎందుకు? మనకూ 2,286 మాత్రమే దొరికిందనుకోండి. తెల్లవారుజామున 28 డిగ్రీలప్పుడు బయల్దేరితే కావాల్సింది 2,450కి తగ్గుతుంది. మిగతా 164 మీటర్ల లోటు బరువులోంచి తీయాలి. దూరప్రయాణమై ఇంధనం తగ్గించే వీల్లేకపోతే ముందు కార్గో, ఆ తర్వాత సీట్లు.