'పూర్' నేర్పిన పాఠాలు

బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ భాషలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 'పూర్' అనే చిన్న మాట. దాని వల్ల తెలుసుకున్న నాలుగు సంగతులు, చదువుకుంటున్న మీకు చెబుతాను.

1. మాట ఒకటైనంత మాత్రాన అర్థం ఒకటి కాదు.
మనిషి పూర్ అంటే పేదవాడు. నేల పూర్ అంటే సారం లేనిది. చూపు పూర్ అంటే మందగించింది. పూర్ ఫెలో అంటే 'పాపం' అని. చనిపోయిన తండ్రిని తలుచుకునేటప్పుడూ ఇంగ్లీషువాళ్లు ఆ మాట వాడతారు. నేను మాత్రం ఏళ్ల తరబడి 'పేద' అన్న ఒక్క అర్థమే పిల్లలచేత రాయించాను.

2. లేమిని లోపంగా చూడకూడదు.
మార్కులు తగ్గిన పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద 'పూర్' అని రాసేవాణ్ణి. కూలికి వెళ్లే ఒక తండ్రి దాని అర్థం కొడుకునే అడిగాడు. నేను నేర్పిందే వాడు చెప్పాడు. "మా పేదరికం కార్డులో ఎందుకు రాశారు సారూ?" అన్నాడాయన. అప్పటినుంచి పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో, ఏం చేస్తే అందుకుంటాడో తెలుగులో రాశాను. ముందే రాయాల్సింది.

3. అవమానిస్తూ చేసేది సాయం కాదు.
ఇంగ్లండులో 1601 నాటి పేదల చట్టం ('పూర్ లా'), పన్ను వసూలు చేసి ఏ పారిష్ (ఒక చర్చి కిందకు వచ్చే ప్రాంతం) పేదలను ఆ పారిషే పోషించాలంది. 1834లో దాన్ని మార్చి, ఒంట్లో శక్తి ఉన్నవాళ్లు సాయం కోసం, పేదలను ఉంచి పని చేయించే వర్క్‌హౌస్‌లో చేరాలన్నారు. లోపలి బతుకు బయటి అతి పేద కూలీ బతుకుకన్నా కష్టంగా ఉండాలన్నది నియమం. భార్యాభర్తలను, పిల్లలను వేరుచేసేవారు. పాఠంలో వర్క్‌హౌస్ అన్న మాట వస్తే అర్థం చెప్పి ముందుకు పోయేవాణ్ణి. ఈ కథ చెప్పలేదు. 1948లో గానీ పేదల చట్టం పూర్తిగా పోలేదు.

4. జాలితో ఎవరి కడుపూ నిండదు.
1943 బెంగాల్ కరవులో తిండి గింజలు బొత్తిగా లేక కాదు, కొనుక్కునే దారి లేక లక్షలమంది చనిపోయారని ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1981లో వాదించారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఆ దారి చూపించింది. 'పాపం' అన్న మాట అంతపని చేయలేదు.

ఎవరినైనా పూర్ అనేముందు వాళ్లకు కొరవడింది డబ్బా, ఆరోగ్యమా, చదువా అని అడిగి తెలుసుకోండి. తెలిశాక మీ చేతనైనంత చేయండి.