గోడ కట్టకుండా గది: మడత తెర పాఠం

ఫ్రెండ్స్, ఈసారి నా టాపిక్ మడత తెర, అంటే ఫోల్డింగ్ స్క్రీన్. మూడు నాలుగు పలకలను కబ్జాలతో కలిపి, జిగ్‌జాగ్‌గా నిలబెట్టేది. హాస్పిటల్లో మంచం పక్కన, పెద్ద హోటళ్ల లాబీల్లో చూసే ఉంటారు. చాలామంది దీన్ని డబ్బున్నోళ్ల డెకరేషన్ అనుకుంటారు. నా లెక్కలో మాత్రం ఇది చిన్న ఇళ్లకే ఎక్కువ అవసరం.

ఎందుకో చెప్తాను. మాది బెల్లంపల్లి, బొగ్గుబాయిల ఊరు. మా ఇల్లు రెండు గదుల క్వార్టర్. బాపు నైట్ షిఫ్ట్ చేసొచ్చి పొద్దున పడుకుంటాడు. ఆయనకి పగలే చీకటి కావాలి. అదే గదిలో ఇంటర్ చదివే చెల్లెకి వెలుతురు కావాలి. నానమ్మకి చీర మార్చుకోవడానికి కాస్త చాటు కావాలి. క్వార్టర్ అయినా, అద్దె ఇల్లయినా మన ఇష్టమొచ్చినట్టు గోడ కట్టలేం. అందుకే పొద్దున ఒకలా, రాత్రి ఇంకోలా మారే గోడ కావాలి. మడత తెర చేసే పని అదే.

ఐడియా మనకి కొత్తేం కాదు. మేదరోళ్లు వెదురుతో అల్లే తడక కూడా ఒక పార్టిషనే. పెళ్లిలో వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర కూడా కాసేపటి గోడే, ముహూర్తం రాగానే తీసేస్తారు. తెర గొప్పతనం అక్కడే ఉంది. అవసరమైనంత సేపే అడ్డం ఉంటుంది.

మడత తెరలు పుట్టింది చైనాలో. అక్కణ్ణుంచి జపాన్‌కి వెళ్లాయి. జపాన్‌లో వీటిని బ్యోబు అంటారు, గాలిని అడ్డుకునేది అని అర్థం. 14వ శతాబ్దం నాటికి అక్కడ కాగితపు కబ్జాలు వచ్చాయి. దాంతో పలకలు ఇటూ అటూ మడవడం ఈజీ అయ్యింది, ఒకే బొమ్మని అన్ని పలకల మీదా ఆగకుండా గీయగలిగారు.

ఇందులో మన తీరం పేరు కూడా ఉంది. 17వ శతాబ్దం చివర్లో చైనాలో లక్క పూత మీద చెక్కి, రంగులద్ది పెద్ద తెరలు చేసేవాళ్లు, చాలావాటికి 12 పలకలు ఉండేవి. యూరప్ కంపెనీల ఓడలు వాటిని భారతదేశపు తూర్పు తీరం మీదుగా తీసుకెళ్లాయి. అందుకే యూరప్ వాళ్లు వాటికి కోరమాండల్ స్క్రీన్స్ అని పేరు పెట్టారు. మనం ఎక్కే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో ఉన్నది ఆ పేరే. చేసింది చైనా, కొన్నది యూరప్, పేరు మాత్రం మన ఒడ్డుది!

ఇప్పుడు కొంచెం లెక్క. తెరని స్ట్రెయిట్‌గా నిలబెడితే పడిపోతుంది, మడత ఉంటేనే నిలబడుతుంది. అడుగున్నర వెడల్పున్న పలకలు నాలుగు తీసుకుందాం. మొత్తం 6 అడుగులు. పలకల మధ్య కోణం 90 డిగ్రీలైతే తెర దాదాపు 4.2 అడుగుల జాగాని కప్పుతుంది, లోతు ఒక అడుగు పైనే ఉంటుంది. బాగా స్టేబుల్, కానీ నేల ఎక్కువ తింటుంది. 120 డిగ్రీలైతే 5.2 అడుగులు కప్పుతుంది, లోతు ముప్పావు అడుగు. 150 డిగ్రీలైతే 5.8 అడుగులు కప్పుతుంది కానీ లోతు అడుగులో సగం కూడా ఉండదు, మోచేయి తగిలినా ఊగుతుంది. ఫార్ములా సింపుల్: పలకల సంఖ్య ఇంటూ పలక వెడల్పు ఇంటూ సగం కోణం సైన్. చిన్న గదికి నేను 120 దగ్గర ఆగుతాను. కబ్జాలు ఒకటి ముందువైపు, తర్వాతది వెనకవైపు వేయమని వడ్లాయనకి ముందే చెప్పండి. అన్నీ ఒకే వైపు వేస్తే జిగ్‌జాగ్ రాదు. ఇంట్లో పెద్దోళ్లుంటే ఒక చివరని గోడకి కొక్కెంతో కట్టేయండి. లేచేటప్పుడు వాళ్లు చేతికి అందినదాన్ని పట్టుకుంటారు కదా.

ఎత్తు ఎవరి కోసమో చూసి పెట్టాలి. కూర్చుని చదివేవాళ్లకి నాలుగున్నర అడుగులు చాలు. బట్టలు మార్చుకోవడానికి ఆరడుగులు ఉండాలి. మా దగ్గర ఎండాకాలం సంగతి తెలిసిందే కాబట్టి గాలి ముఖ్యం. పలకల కింద అరడుగు ఖాళీ వదలండి. కూలర్ గాలికి ఎదురుగా కాకుండా, గాలి వెళ్లే దారి వెంబడి తెర పెట్టండి.

లైట్ విషయంలో తోలుబొమ్మలాట గుర్తుపెట్టుకోండి. పల్చటి గుడ్డ తెర వెనక బల్బు వెలుగుతూ, ముందు చీకటిగా ఉంటే లోపలి మనిషి నీడ మొత్తం బయటికి కనిపిస్తుంది. బట్టలు మార్చుకునే చోటైతే గుడ్డకి మందమైన లైనింగ్ వేయాలి. పగలు పడుకునేవాళ్ల కోసమైతే వాళ్ల వైపు ముదురు రంగు, చదివేవాళ్ల వైపు తెలుపు. తెలుపు వైపు టేబుల్ ల్యాంప్ వెలుతురు తిరిగి పుస్తకం మీద పడుతుంది.

ఇక అలంకారం. చెక్క ఫ్రేమ్‌కి అమ్మ పాత నేత చీర బిగిస్తే చాలు, బరువు తక్కువ, ఉతకడం ఈజీ. ఇంకా మంచిగా కావాలంటే నిర్మల్ ఉంది. 2016లో జిల్లాలు విడిపోకముందు బెల్లంపల్లి, నిర్మల్ రెండూ ఒకే ఆదిలాబాద్ జిల్లా. నిర్మల్ అంటే అందరికీ పొణికి కర్ర బొమ్మలే గుర్తొస్తాయి, కానీ అక్కడి పెయింటింగ్స్‌కీ ఫర్నిచర్‌కీ కూడా విడిగా జీఐ గుర్తింపు ఉంది. నల్లటి నేల మీద బంగారు రంగు మెరిసే ఆ పనితనం మడత తెర పలకలకి అచ్చంగా సరిపోతుంది. ఒక్క మాట, బొమ్మ ఉన్న వైపుని వచ్చే చుట్టాలకే కాదు, తెర లోపల గంటలు గంటలు గడిపేవాళ్లకి కూడా పెట్టండి.

తెరకి ఒక లిమిట్ ఉంది. అది కళ్లని ఆపుతుంది, చెవుల్ని ఆపదు. టీవీ సౌండ్, కుక్కర్ విజిల్ అన్నీ దాటొస్తాయి. చిటికెన వేలితో తోసినా జరిగే గోడ అది. కాబట్టి మిగతా సగం పని ఇంట్లోవాళ్లే చేయాలి. మా ఇంట్లో పద్ధతి ఏంటంటే, తెర వేసి ఉంటే పిలిచి, జవాబు వచ్చాకే అటు వెళ్లాలి. అది నానమ్మకైనా చెల్లెకైనా ఒకటే. బాపు పడుకున్నప్పుడు మాత్రం పిలవడం కూడా ఉండదు. సొంత గది లేని ఇంట్లో సొంత టైం దొరికేది ఇలాగే.

సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు టేప్ తీసుకుని గది కొలవండి. ముందు అడగాల్సిన ప్రశ్న మాత్రం టేప్‌తో తేలేది కాదు: మన ఇంట్లో చాటు లేనిది ఎవరికి?